వేటకుక్కల మాలిమి

మానవుడు మచ్చిక చేసిన జంతువులలో కుక్కయే మొదటిది. ఆవు, మేక, గొఱ్ఱె, గుఱ్ఱము – ఇవన్నియు తరువాత వచ్చినవే. వ్యవసాయము పుట్టుటకు కొన్ని వేల సంవత్సరములకు పూర్వమే, మనుష్యుడు ఇంకను వేటమీదను, కందమూలముల మీదను బ్రదుకుచున్న కాలముననే, కుక్క అతని నెగడు ప్రక్కకు చేరినది. అందువలన వేటకు పనికివచ్చును గనుకనే మనుష్యుడు దానిని పెంచినాడని చాలామంది అనుకొనుట సహజము. ఆ ఊహ తప్పని చెప్పలేము. కాని భూమిలో దొరకిన ఒక పాత సాక్ష్యము ఆ కథకు ఇంకొక ముఖమును చూపుచున్నది.

1914లో జర్మనీ దేశములో బాన్ నగరమునకు సమీపమున ఒబర్‌కాసెల్ అనుచోట రాళ్ళు తీయు పనివారికి ఒక పాత సమాధి బయటపడినది. అందులో ఒక పురుషుని అస్థిపంజరము, ఒక స్త్రీ అస్థిపంజరము, వాటితోపాటు ఒక జంతువు ఎముకలు ఉన్నవి. ఆ జంతువు కుక్క అని గుర్తించుటకు అనేక సంవత్సరములు పట్టినది. సమాధి వయస్సు 14,000 సంవత్సరములకు పైమాటే. 2018లో కొందరు శాస్త్రజ్ఞులు ఆ కుక్క దంతములను మరల పరీక్షించి ఒక వింత విషయమును ప్రకటించినారు. చనిపోవునాటికి అది ఏడు నెలలైనను సరిగా నిండని పిల్ల. దంతములపై పింగాణి పొర ఏర్పడుచున్న కాలములో దానికి పెద్ద జబ్బు చేసిన గుర్తులు ఉన్నవి. ఆ గుర్తులు నేడు పశువైద్యులు ‘డిస్టెంపర్’ అని పిలుచు అంటురోగమునకు సరిపోవుచున్నవి. ఈ రోగము తగిలిన పిల్లకు జ్వరము, వాంతులు, విరేచనములు వచ్చును. నీరు పట్టించి, వెచ్చగా ఉంచి, మలమూత్రములు శుభ్రము చేయు దిక్కు లేనిచో అది బ్రదుకుట కష్టము. కాని ఈ పిల్ల రోగముతోనే కొన్ని వారములు బ్రదికినది. ఆ వారములలో అది వేటాడినది లేదు, కాపలా కాసినది లేదు. ఎవరో దానికి ఊరక సేవ చేసినారు. చివరకు తమవారి ప్రక్కనే పూడ్చినారు.

వేటకుక్కల చరిత్రను ఈ జబ్బు పిల్లతో ఆరంభించుట కొంత విడ్డూరముగా తోచవచ్చును. కాని కుక్కను వేటకు తయారు చేయుటలో అసలు కష్టము ఎక్కడ ఉన్నదో ఈ సమాధియే చూపుచున్నది. కుక్క పుట్టిన వెంటనే వేటాడదు. దానిని కనీసము ఎనిమిది, పది నెలలు ఊరక మేపవలెను. ఆకలి రోజులలో సయితము దాని వాటా దానికి పెట్టవలెను. పనికి రాకముందే పోషించు ఓర్పు ఉన్నవానికే పనికివచ్చు కుక్క దొరకును.

వేటలో కుక్క నిజముగా మనుష్యునితో కలసి పనిచేసినదనుటకు బొమ్మల సాక్ష్యము అరేబియాలో ఉన్నది. నేటి సౌదీ అరేబియాలో షువైమిస్, జుబ్బా అను చోట్ల బండలమీద చెక్కిన వేట దృశ్యములు అనేకము కలవు. అవి ఇంచుమించు 8,000 సంవత్సరముల క్రిందటివని పరిశోధకుల అంచనా. వాటిలో మనుష్యుడు విల్లు ఎక్కుపెట్టి ఉండును. చుట్టును తోక మెలివేసిన కుక్కలు ఉండును. కొన్నిటిలో కుక్క మెడనుండి మనుష్యుని నడుమునకు ఒక గీత పోవుచున్నది. అది పలుపు కావచ్చునని వారి అభిప్రాయము. నడుమునకు కట్టుకొన్నచో రెండు చేతులును విల్లు పట్టుటకు ఖాళీగా ఉండును. ఈ గీత నిజముగా త్రాడే అయినచో, కుక్కను త్రాటితో నడుపుటకు ఇంత పాత ఆధారము అరుదు. ఈజిప్టులో ఇంటెఫ్ అను రాజు క్రీ.పూ. 2100 ప్రాంతమున తన సమాధి వద్ద నిలిపిన శిలాఫలకముపై తన కుక్కల బొమ్మలను, వాటి ప్రక్కనే వాటి పేర్లను కూడ చెక్కించినాడు. ఒకదాని పేరునకు ‘జింక’ అని అర్థము చెప్పుచున్నారు. మరొకదానికి ‘నల్లది’ అని. నాలుగువేల సంవత్సరముల క్రిందటి రాజు కూడ నల్లకుక్కను నల్లదనియే పిలిచినాడన్నమాట!

అయితే కుక్కను ఎట్లు పెంచవలెను, ఎట్లు నేర్పవలెను అని విడమరచి వ్రాసి, నేటివరకు నిలిచిన మొదటి గ్రంథము గ్రీకులది. దానిని వ్రాసినవాడు జెనొఫన్. ఇతడు ఏథెన్సు నగరమువాడు, సోక్రటీసు శిష్యుడు. క్రీ.పూ. 401లో పారసీక రాజ్యములో చిక్కుకొన్న పదివేల గ్రీకు సైనికులను స్వదేశమునకు నడిపించుకొని వచ్చిన నాయకులలో ఒకడు. తరువాత స్వస్థలమునుండి బహిష్కృతుడై, ఒలింపియా దగ్గర స్కిల్లస్ అను పల్లెలో చాలాకాలము కాపురముండి, కొడుకులతో వేటాడుచు, గ్రంథములు వ్రాయుచు గడపినాడు. వేటను గూర్చిన అతని గ్రంథము పేరు ‘కినెగెటికస్’. గ్రీకు భాషలో వేటగాడు అను మాటకు ‘కుక్కలను నడిపించువాడు’ అని వ్యుత్పత్తి. ఈ పుస్తకము మొదట ఉన్న పురాణ కథలు, చివర ఉన్న వాదోపవాదములు నేటి పాఠకునకు కొంత విసుగు పుట్టించును. నడుమ ఉన్న కుక్కల అధ్యాయములు మాత్రము కుక్కల నడుమ లేచి, కుక్కల నడుమ పండుకొన్నవాడు తప్ప వ్రాయలేనివి.

జెనొఫన్ ముఖ్యముగా కుందేళ్ళ వేటను వర్ణించినాడు. వేటగాడు కాలినడకన పోవును. కుందేలు పరుగెత్తు దారులలో వలలు కట్టి ఒక మనిషిని కాపు ఉంచును. కుక్కలు నేలను మూచూచి కుందేలు జాడను పసికట్టి, దానిని లేపి, వలలవైపు తరుమవలెను. కాబట్టి కుక్కకు కావలసినది బలముకంటె ముక్కు, ముక్కుకంటె నిజాయితీ. జాడ దొరకకపోయినను దొరకినట్లు మొరుగు కుక్కలను, తాము వెదకక ప్రక్క కుక్క ముఖము చూచుచు పరుగెత్తు కుక్కలను అతడు ఒక్కొక్కటిగా వర్ణించి తప్పుపట్టినాడు. ఏ పాఠశాల ఉపాధ్యాయుడైనను ఈ భాగమును చదివి నవ్వుకొనక మానడు.

పిల్లల పెంపకమును గూర్చి అతడు చెప్పినవి శ్రద్ధగా వినదగినవి. శీతకాలమున కుక్కలకు వేట శ్రమ తగ్గినప్పుడు జతకట్టించవలెను. అప్పుడు పిల్లలు వసంతమున పుట్టును, ఎదుగుటకు అది మంచి కాలము. పుట్టిన పిల్లలను తల్లి దగ్గరనే ఉంచవలెను గాని వేరొక కుక్క పాలకు వదలరాదు. తల్లి పాలును, తల్లి ఊపిరియు పిల్లలకు మేలు చేయును. తల్లి నాకి లాలించుట వాటికి ఇష్టము. నడక వచ్చిన తరువాత ఒక సంవత్సరము వరకు పాలు పోయవలెను. బరువైన తిండి కడుపునిండ పెట్టినచో కాళ్ళు వంకరపోవును. పేర్లు పొట్టిగా ఉండవలెను, పిలుచుటకు సులువుగా. ఇట్లు చెప్పి ఊరకుండక 47 పేర్ల పట్టికను కూడ ఇచ్చినాడు. అవన్నియు ఒకటి రెండు అక్షరముల మాటలే.

ఆడపిల్లను ఎనిమిదవ నెలలో, మగపిల్లను పదవ నెలలో వేటకు తీసికొని పోవచ్చునని అతని లెక్క. కాని వెంటనే విడువరాదు. పొడుగాటి పలుపుతో పట్టుకొని, జాడ తీయుచున్న పెద్ద కుక్కల వెనుక నడిపించవలెను. కుందేలు లేచినప్పుడు చక్కని పరుగు ఉన్న పిల్లను వెంటనే వదలరాదు. కుందేలు కంటికి కనబడనంత దూరము పోయిన తరువాతనే వదలవలెను. కారణము కూడ అతడే చెప్పినాడు. ఉత్సాహము గల పిల్ల కుందేలును కంటితో చూచినచో శక్తికి మించి పరుగెత్తును. దాని దేహము ఇంకను గట్టిపడలేదు. లోపల ఏదో ఒకటి తెగును. పరుగు చేతగాని పిల్లకు ఈ అపాయము లేదు, అందుకొందునన్న ఆశ దానికి మొదటనే ఉండదు గనుక! ఇక కుందేలు దొరకినప్పుడు దానిని పిల్లలకే ఇచ్చి చీల్చుకొననీయవలెను. అంటే ఆ రోజు వేటగానికి కూర లేదు. కూరను వదలుకొని కుక్కకు పాఠము నేర్పుట ఇది.

వీటన్నిటికంటె ముఖ్యమైన నియమము ఒకటి ఉన్నది. కుక్కలకు తిండిని పనివారిచేత గాక వేటగాడు స్వయముగా పెట్టవలెను. లేమికి కారణమెవరో కుక్కకు తెలియదు, కాని ఆకలిగొన్నప్పుడు పెట్టినవానిని మాత్రము అది ప్రేమించునని జెనొఫన్ భావము. అందుకే లేత కుక్కలకు వలలు ఎత్తివేయు చోటనే తిండి పెట్టుమన్నాడు. అడవిలో దారి తప్పిన పిల్ల ఆ చోటును జ్ఞాపకము ఉంచుకొని తిరిగి వచ్చును.

ఐదు వందల సంవత్సరములు గడచినవి. క్రీ.శ. రెండవ శతాబ్దమున అర్రియన్ అను గ్రీకువాడు రోమక సామ్రాజ్యములో పెద్ద ఉద్యోగి. హేడ్రియన్ చక్రవర్తి కాలమున కప్పడోసియా రాష్ట్రమునకు పాలకుడు. అలెగ్జాండరు దండయాత్రల చరిత్రను వ్రాసినవాడును, మన దేశమును గూర్చి ‘ఇండికా’ అను గ్రంథము వ్రాసినవాడును ఇతడే. ఇతనికి జెనొఫన్ అనిన అమిత భక్తి; తనను తాను రెండవ జెనొఫన్ అనుకొన్నాడు. అయినను జెనొఫన్ వ్రాయని సంగతి ఒకటి ఉన్నదని అతడు కలము పట్టినాడు. గాల్ దేశపు కెల్టు జాతివారి వేటకుక్కలు జెనొఫనుకు తెలియవు. అవి ముక్కుతో గాక కంటితో వేటాడును. సన్నని నడుము, లోతైన రొమ్ము, పొడుగు కాళ్ళు గల ఈ కుక్క కుందేలును చూచిన వెంటనే బాణమువలె పోవును. నేటి గ్రేహౌండు జాతికి పూర్వరూపము ఇట్టిదే.

అర్రియన్ తన పుస్తకములో నియమములు చెప్పుచు చెప్పుచు, మధ్యలో హఠాత్తుగా తన సొంత కుక్కను గూర్చి వ్రాయుటకు దిగినాడు. దాని పేరు హోర్మే. కన్నులు బూడిద రంగు. అది ఇంటిలో అతనిని విడువదు. బయటకు పోయినచో వెంట పోవును, దారిలో వెనుకకు తిరిగి తిరిగి చూచును, యజమాని దారి మరలలేదు గదా అని. కొంతసేపు కనబడక మరల కనబడినచో మెల్లగా పైకెగిరి పలకరించును. చిన్ననాడు ఎప్పుడో కొరడా దెబ్బ తిన్నందున, ఇప్పటికిని ఎవరైన కొరడా పేరు ఎత్తినచో నేలకు కరచుకొని ప్రాకి వచ్చి, ఆ మాట అన్నవాని నోటికి తన మూతి ఆనించి, మెడకు వ్రేలాడి, కోపము పోవువరకు వదలదట. ఈ కుక్క పేరు భావికాలమువారికి నిలిచిపోవలెనని తాను వ్రాయుచున్నట్లు అర్రియన్ దాచకుండ చెప్పినాడు. 1,800 సంవత్సరముల పైబడి ఆ పేరు నిలిచియే ఉన్నది.

కాని ఇది ముద్దు మాత్రమే కాదు. అర్రియన్ నియమములలో లోతైనది కుక్క పడకను గూర్చినది. కుక్కకు మెత్తని వెచ్చని పడక ఉండవలెను. అన్నిటికంటె మేలు అది మనిషితో పండుకొనుట. మనిషి చర్మపు స్పర్శకు అలవాటుపడిన కుక్క, తిండి పెట్టినవానిని ఎంత ప్రేమించునో ప్రక్కన పండుకొన్నవానిని అంతే ప్రేమించును. పైగా రాత్రి దానికి దప్పిక అయినను, నలత చేసినను యజమానికి తెలియును; నిద్ర లేని కుక్కను మరునాడు పరుగుకు తీసికొని పోరాదు. మగకుక్క అవయవములు ఆలస్యముగా గట్టిపడును గనుక రెండు సంవత్సరములు నిండువరకు దానిని వేటకు విడువవద్దన్నాడు. పరుగు ముగిసిన తరువాత గుఱ్ఱము దిగి, కుక్క తల ముద్దాడి, చెవులు నిమిరి, పేరు పెట్టి పిలిచి మెచ్చుకొనుమన్నాడు. కుందేలు తప్పించుకొని పోయినను నిజమైన వేటగాడు సంతోషించును, పోటీ బాగుగా జరిగినది గదా అని అతని మతము. ఆకలికి వేటాడువాడు ఈ మాట అనడు. ఇది భాగ్యవంతుని వేట అన్న సంగతి మరువరాదు.

జెనొఫన్ తిండిని నమ్ముకొన్నాడు. అర్రియన్ దానికి స్పర్శను జోడించినాడు. వీరిలో ఎవరు ఎక్కువ సరియైనవారో తేలుటకు ఇరువదవ శతాబ్దము రావలసివచ్చినది.

మధ్యయుగముల సంగతి క్లుప్తముగా చెప్పవచ్చును. ఫ్రాన్సు దక్షిణమున ఫువా ప్రాంతపు ప్రభువు గాస్టన్ ఫెబస్ 1387లో ఒక పెద్ద వేట గ్రంథమును ఆరంభించినాడు. ఏడేండ్ల బాలుని కుక్కల కొట్టములో పనికి పెట్టవలెననియు, అతడు కుక్కలన్నిటి పేర్లను, రంగులను నేర్చుకొనవలెననియు, రాత్రి కొట్టములోనే ఎవరో ఒకరు పండుకొని కుక్కల జగడములను ఆపవలెననియు అందులో ఉన్నది. ప్యారిస్ జాతీయ గ్రంథాలయములోని దీని వ్రాతప్రతిలో సేవకులు కుక్కల పాదములను పరీక్షించుచున్న, గాయములను కడుగుచున్న చిత్రములు ఉన్నవి. ఇంచుమించు రెండున్నర శతాబ్దములకు ముందే మన దక్కనులో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు ‘మానసోల్లాసము’ అను సంస్కృత విజ్ఞానకోశమును రచించి, రాజుల వినోదములలో కుక్కల వినోదమునకు ఒక ప్రకరణము కేటాయించినాడు. ఓరుగల్లు కాకతీయులు ఆ కాలమున ఈ చాళుక్యులకు సామంతులే. రాజుల వేట ఇట్లుండగా, నల్లమల కొండలలోని చెంచులు విల్లంబులతో, కుక్కలతో వేటాడుచుండుటను హైమెన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు చూచి, 1943లో వారిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించినాడు. చెంచు గుడిసెలో కుక్కకు వేరే కొట్టము ఉండదు.

పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో తుపాకి వేట ప్రబలినది. పక్షి ఉన్న చోటును నిలబడి చూపు కుక్కలు, కొట్టిన పక్షిని నోట కరచి తెచ్చు కుక్కలు కావలసివచ్చినవి. వాటిని తయారు చేయుటకు ఆంగ్లేయులు వాడిన మాటకు అర్థము ‘విరుచుట’. మాటకు తగినట్లే కొరడాయు, ములుకుల మెడపట్టెయు చేత పట్టినవారికి కొదువ లేదు. 1848లో హచిన్‌సన్ అను సైనికాధికారి ప్రకటించిన శిక్షణ గ్రంథము ఇంటి గదిలోనే, చిన్న చిన్న తినుబండారములు చూపుచు, చేతి సైగలతో పాఠము మొదలు పెట్టుమన్నది. కాని ఆ పుస్తకము పేరులో కూడ ‘విరుచుట’ అను మాటయే ఉన్నది! 1859లో న్యూకాసిల్ నగరమున మొట్టమొదటి కుక్కల ప్రదర్శన జరిగినది. అందులో పాల్గొన్నవి పాయింటర్, సెట్టర్ అను వేటజాతులు మాత్రమే. ప్రదర్శనలు పెరిగిన కొలది పని చూచి జతకట్టించుట తగ్గి, రూపము చూచి జతకట్టించుట హెచ్చినది. వేటకుక్కల జాతులలో కొన్ని అందగాండ్రై పని మరచినవి.

ఇక ప్రయోగముల సంగతి. అమెరికాలో మెయిన్ రాష్ట్రమున బార్ హార్బర్ అను ఊరిలో జాక్సన్ ప్రయోగశాల ఉన్నది. అక్కడ జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు పదమూడేండ్లపాటు ఐదు జాతుల కుక్కలను పెంచి పరిశీలించి, 1965లో ఫలితములను గ్రంథముగా ప్రకటించినారు. ఆ ఐదింటిలో బీగిల్ కుందేళ్ళను వాసనపట్టి తరుము కుక్క, అనగా పనిలో జెనొఫన్ కుక్కలకు వారసురాలు. బాసెంజీ ఆఫ్రికాలోని కాంగో అడవుల వేటకుక్క. ఏ ఒక్క జాతియు అన్ని పరీక్షలలోను తక్కినవాటిని మించలేదు. బాసెంజీ పిల్లలు ఐదవ వారమున మనిషిని చూచిన బెదరి పారిపోవును, కఱచును. కాని కొన్ని వారములు మెల్లగా ఎత్తి దించుచున్నచో ఆ బెదురు చాలవరకు పోవును. అనగా బెదురు పుట్టుకతో వచ్చినను, అది పోవుట మనిషి చేతిలో ఉన్నది. అయితే ఎప్పుడు?

ఆ ప్రశ్నకు 1961లో అక్కడివారే ఒక ప్రయోగముతో జవాబు చెప్పినారు. ఎత్తైన కంచె కట్టిన ఒక ఎకరము పొలములో కుక్కలు ఈనినవి. తిండి కంచెలోని కంత గుండ లోపలికి పోవును, మనిషి కనబడడు. పిల్లలను కొన్నిటిని రెండవ వారమున, కొన్నిటిని మూడవ, ఐదవ, ఏడవ, తొమ్మిదవ వారములలో ఒక్కొక్క వారముపాటు బయటకు తెచ్చి, మనుష్యులతో ఆడనిచ్చి, మరల పొలములో విడిచినారు. కొన్నిటిని పదునాలుగవ వారము వరకు అసలు ముట్టలేదు. పదునాలుగవ వారమున పరీక్షింపగా ఐదు, ఏడు, తొమ్మిది వారముల వయస్సున మనిషిని చూచిన పిల్లలు అతని చెంతకు చేరినవి. అసలు మనిషిని ఎరుగనివి అడవి జంతువులవలె పారిపోయినవి. తరువాత ఎంత లాలించినను వాటి స్వభావము కొద్దిగా మాత్రమే మారినది. మూడవ వారమునుండి సుమారు పండ్రెండవ వారము వరకు కుక్కపిల్ల మనస్సు తెరచిన తలుపు వంటిది. ఆ తలుపు మూసికొన్న తరువాత ఓర్పు ఎంత ఉన్నను దాని ఫలము స్వల్పము. జెనొఫన్ పిల్లలను ఇంటిలో పాలు పోసి పెంచుమన్నాడు. అర్రియన్ ప్రక్కలో పండుకొనబెట్టుమన్నాడు. ఇద్దరును వారముల లెక్క చెప్పలేదు గాని, వారి పద్ధతి ప్రకారము పెరిగిన పిల్లకు ఆ వారములు వృథా కావు.

మరి తిండి మాట? 1954లో బ్రాడ్‌బెక్ అను పరిశోధకుడు కొన్ని పిల్లలకు మనిషి చేతితోను, మరికొన్నిటికి యంత్రముతోను తిండి పెట్టించి చూచినాడు. యంత్రము పెట్టిన పిల్లలు కూడ మనిషి కనబడినచో అంతే ఆత్రముగా పరుగెత్తి వచ్చినవి. అనగా పెట్టినవానిని కుక్క ప్రేమించునన్న జెనొఫన్ పరిశీలన సరియైనదే. ప్రేమకు మూలము తిండియే అన్న అతని హేతువు మాత్రము సరిపోదు. ఈ తగవులో పై చేయి అర్రియనుదే.

దీని తరువాత చెప్పవలసిన ప్రయోగము వినుటకు అంత హాయిగా ఉండదు. 1955లో ఫిషర్ అను విద్యార్థి తన పరిశోధనకై ఫాక్స్‌టెరియర్ పిల్లలను వేరువేరు జట్లుగా పెంచినాడు. ఒక జట్టును ఎల్లప్పుడు బుజ్జగించినాడు. ఒక జట్టు దగ్గరకు వచ్చినప్పుడెల్ల దండించినాడు. ఇంకొక జట్టును ఒకప్పుడు లాలించి, ఒకప్పుడు దండించినాడు. తీరా చూడగా మనిషికి ఎక్కువగా అతుక్కుపోయినది ఈ మూడవ జట్టే. కొరడా పేరు విని ప్రాకి వచ్చు హోర్మే ఇక్కడ జ్ఞాపకము రాక తప్పదు. కుక్క తనను ప్రేమించుచున్నది గనుక తన శిక్షణ మంచిదేనని కొట్టి నేర్పినవాడు వాదించుట ఉన్నదే, ఆ వాదమునకు ఇక ఆధారము లేదు. లేతవయస్సున ఆ పిల్లకు ప్రేమించుట తప్ప దారి లేదు.

కొట్టుటవలన నష్టమేమిటో తేల్చుటకు వేరు కొలతలు కావలసివచ్చినవి. 2020లో పోర్చుగల్ దేశములో 92 పెంపుడు కుక్కలపై చేసిన పరిశోధనలో, అదలించి గుంజి నేర్పు బడులలోని కుక్కలు పాఠము జరుగునప్పుడు ఎక్కువ రొప్పుట, పెదవులు నాకుకొనుట కనబడినది; పాఠము తరువాత వాటి లాలాజలములో కార్టిసాల్ అను హార్మోను హెచ్చినది. ఇది కలతకు గుర్తు. తినుబండారముతో, ఆటతో నేర్పు బడులలో ఈ హెచ్చు కనబడలేదు. బహుమానము విషయములో కాలము ముఖ్యము. కుక్క సరియైన పని చేసిన క్షణముననే అది అందవలెను. దూరమున ఉన్న కుక్క నోటిలో ఆ క్షణమున తిండి పెట్టుట ఎట్లు? 1951లో స్కిన్నర్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు దీనికి ఉపాయము చెప్పినాడు. మొదట టిక్కుమను ఒక చిన్న చప్పుడునకు, తిండికి ముడిపెట్టవలెను. తరువాత ఆ చప్పుడే బహుమానముగా పనిచేయును. దొరకిన కుందేలును అక్కడికక్కడే పిల్లల ముందు వేయుమన్న జెనొఫన్ కూడ ఈ కాలనియమమును ఎఱిగినవాడే.

జతకట్టించుటలో మాలిమి గుణమునే ఏరుకొన్నచో ఏమగునో చూచుటకు రష్యా శాస్త్రజ్ఞుడు బెల్యాయెవ్ 1959లో నోవోసిబిర్స్క్ వద్ద నక్కలతో ప్రయోగము ఆరంభించినాడు. ప్రతి తరములోను మనిషికి తక్కువ బెదరు పిల్లలనే ఏరి జతకట్టించగా, ఆరు తరములలోనే చేయి నాకి, తోక ఆడించు నక్కలు పుట్టినవి. ఆ నక్కలు అసలు అడవివి కావనియు, బొచ్చు కొఱకు తరతరములుగా పెంచుచున్నవనియు, మచ్చల వంటి కొన్ని లక్షణములు ముందే వాటిలో ఉన్నవనియు 2019లో కొందరు ఆక్షేపించినారు. ఆక్షేపణ న్యాయమైనదే, బెదురు తగ్గినదన్న ముఖ్య ఫలితమును మాత్రము అది కదల్చలేదు. 2015లో జపాను శాస్త్రజ్ఞులు కుక్కయు యజమానియు కన్నులలో కన్నులు పెట్టి చూచుకొన్నప్పుడు ఇద్దరిలోను ఆక్సిటోసిన్ అను హార్మోను హెచ్చుననియు, మనిషి పెంచిన తోడేళ్ళలో అట్లు జరుగదనియు ప్రకటించినారు. తల్లియు శిశువును చూచుకొన్నప్పుడు పనిచేయు హార్మోనే అది.

మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. దానితో వేటజాతుల కుక్కలకు పని పోయినది. పని పోయిన జాతిని పెంచు ఓర్పు ఎవరికి ఉండును? దక్కను పీఠభూమిపై, నేటి కర్ణాటకలోని బాగల్‌కోట జిల్లాలో ముధోల్ అను చిన్న సంస్థానము ఉండెడిది. అక్కడి ఘోర్పడే ప్రభువులు పల్లెలలోని సన్నని వేగపు కుక్కలను చేరదీసి, ఏరి జతకట్టించి ఒక జాతిగా నిలిపినారు. అర్రియన్ వర్ణించిన కెల్టు కుక్కవలెనే ఇదియు కంటితో వేటాడునది. లోతైన రొమ్ము, సన్నని నడుము. 2005లో మన తపాలాశాఖ నాలుగు దేశీయ జాతులపై బిళ్ళలు విడుదల చేసినప్పుడు రాజపాళయము, రాంపూరు, హిమాలయ కుక్కలతోపాటు దీనికిని చోటు దక్కినది. ముధోల్ దగ్గర తిమ్మాపురములో కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయము ఈ జాతి పరిరక్షణకు ఒక కేంద్రమును నడుపుచున్నది. 2016లో అక్కడి పిల్లలను కొన్నిటిని సైన్యమువారు మీరట్‌లోని తమ పశువైద్య కేంద్రమునకు శిక్షణకై తీసికొని పోయినారు. తరతరములుగా దూరపు కదలికను కంటితో పట్టి పరుగెత్తిన జాతి అది. అచ్చట దానికి మొదటినుండి నేర్పవలసిన పాఠము, పరుగు మాని, నిలిచి, నేలను మూచూచుట.